మైక్రోస్కోపు షూటింగుకు వెళ్ళిన సీజన్

జూన్ 9, సోమవారం

మన ఫోరెన్సిక్ ప్రయోగశాలకు అరుదైన గౌరవం దక్కిందని పెద్దసారు ఈ మధ్యాహ్నం నన్ను గదికి పిలిపించి తెలియజేశారు. గౌరవం ఏమిటంటే, మా దగ్గరున్న ఒకే ఒక్క పోలిక మైక్రోస్కోపును, రెండు నమూనాలను పక్కపక్కన చూపేదాన్ని, టీవీ వాళ్ళు తీసుకుపోతారు. శవం పక్కన వెంట్రుక దొరికితే చాలు, హంతకుడి ఇంటిపేరు చెప్పేసే ఆ నేరపరిశోధకుల ధారావాహికకు నాలుగో సీజన్ మొదలవుతోంది. మూడు సీజన్లు అట్టముక్కల యంత్రాలతో నెట్టుకొచ్చారట. ఈసారి సహజత్వం కావాలట. సహజత్వం మా సంస్థలో ఒకటే ఉంది. అది పెయింట్ల విభాగంలో నా బల్ల మీద ఉంది.

"సార్, మరి కేసులు?"

"కేసులెక్కడికి పోతాయమ్మా? ముందు జనంలో మన శాఖకు గౌరవం పెరగాలి. గౌరవం పెరిగితే బడ్జెట్ పెరుగుతుంది. బడ్జెట్ పెరిగితే నీకు ఇంకో మైక్రోస్కోపు."

"అంటే ఉన్నది పోతే గానీ ఇంకోటి రాదంటారు."

"నీకు వెటకారం ఎక్కువ. అందుకే నిన్నే సాంకేతిక సలహాదారుగా వేశాను. టైటిల్స్‌లో పేరు పడుతుంది, పో."

నాకు కోపం రాలేదు. కోపం వ్యక్తిగత విషయం. నాది శాఖాపరమైన అభ్యంతరం.

పాల వ్యాను కేసు ఈ రోజే చూశాను. సైకిలు మీద వెళ్తున్న డ్రాయింగు మాస్టారును ఏదో తెల్లబండి గుద్ది ఆగకుండా పోయింది. ఆయన పోయారు. తెల్లబండి అని ఎవరో చెబితే పోలీసులు ఒక పాల వ్యాను డ్రైవరును తెచ్చి రిమాండులో పెట్టారు. సైకిలు హ్యాండిలుకు అంటుకున్న పెయింటు పెచ్చు ఒకటి, వ్యాను నుంచి గీకిన పెచ్చు ఒకటి నాకు పంపారు. అంచు నిలబెట్టి చూస్తే లోపలి పొరలు కనబడతాయి. సైకిలు మీది పెచ్చులో తెలుపు కింద నీలం, నీలం కింద ఎరుపు, దాని కింద బూడిద. వ్యాను పెచ్చులో తెలుపు, బూడిద, అంతే. మాస్టారును గుద్దింది పలుమార్లు రంగు మార్చుకున్న ఏదో ముసలి బండి. పాల వ్యాను పుట్టినప్పటి నుంచీ తెల్లగానే ఉంది.

రేపు ఫొటో తీసి, రెండో పరిశీలకుడి సంతకం కూడా తీసుకుంటే డ్రైవరు ఇంటికి పోతాడు.

రేపు యంత్రం పోతోంది.

జూన్ 10

పోయింది. బల్లతో సహా పోయింది. మైక్రోస్కోపు కోసం ఎదురుచూసే ప్యాకెట్లన్నీ ఆ బల్ల సొరుగులోనే ఉండాలన్నది మా దగ్గర పాత పద్ధతి, వరస తప్పకూడదని. వాటిని తీసి బీరువాలో పెట్టాలంటే స్థలమార్పు ఉత్తర్వు కావాలి. ఉత్తర్వు ఇవ్వవలసిన పెద్దసారు అప్పుడు వరండాలో దర్శకుడితో ఫొటో దిగుతున్నారు. అప్పగింత పత్రంలో ‘యంత్రము, బల్ల, సొరుగు సహా’ అని రాయించారు. సంతకం నేను చేశాను.

సొరుగు తాళంచెవి నా దగ్గరే ఉంది కనుక ఆందోళనకు ఆస్కారం లేదు.

జూన్ 12, గురువారం

"మేడమ్, మీకోసం ఎవరో ఆర్టిస్టు వచ్చింది. బాగా ఏడుస్తోంది" అని గేటు దగ్గర కాపలా మనిషి చెప్పాడు. టీవీ వాళ్ళు వచ్చి వెళ్ళినప్పటి నుంచి అతనికి మనుషులందరూ నటుల్లాగే కనబడుతున్నారు.

ఆమె పాల వ్యాను డ్రైవరు భార్య. లాండ్రీలో ఇస్త్రీ పని. గురువారం సెలవు.

"అమ్మా, మా ఆయన బండి రంగు చూసేది మీరేనంట కదా. చూశారా?"

"పరిశీలనలో ఉంది."

"పరిశీలనంటే చూసినట్టా, చూడనట్టా?"

నిబంధనల ప్రకారం రెండూ కాదు. ఆ మాటే చెప్పాను.

"బెయిలు అడిగితే ల్యాబు రిపోర్టు రానీ అంటున్నారమ్మా. మా ఆయన రోడ్డు మీద పిల్లి కనబడినా సడన్ బ్రేకేసే మనిషి. పాలన్నీ ఒలకబోస్తున్నావని ఓనరు రోజూ తిట్టేవాడు. అట్లాంటోడు మనిషిని గుద్ది ఆగకుండా పోతాడా?"

పిల్లుల సంగతి నివేదికలో చేర్చే వీలు లేదు అనబోయి ఊరుకున్నాను. అతను కాదని నాకు తెలుసు. రెండో సంతకం లేకుండా నాకు తెలిసినది తెలిసినట్టు లెక్కకు రాదు. ఈ వాక్యం నేను రాసింది కాదు. మా నియమావళిలో దాదాపు ఇలాగే ఉంటుంది.

జూన్ 17

స్టూడియోలో మా ప్రయోగశాలను మళ్ళీ కట్టారు. అసలుదానికన్నా నయం, పైకప్పు కారడం లేదు. నా మైక్రోస్కోపు కింద నీలం దీపం పెట్టారు. ఎందుకని అడిగితే సైన్సు నీలంగా ఉంటుందన్నారు.

నాయిక ఈ ఒక్క సీజన్‌లోనే శవపరీక్ష చేస్తుంది, వేలిముద్రలు తీస్తుంది, తుపాకీతో పరుగెత్తుతుంది, నిందితుణ్ణి చెంపదెబ్బ కొడుతుంది, కోర్టులో వాదిస్తుంది. మా దగ్గర ఇందులో మూడు పనులకే మూడు విభాగాలు. ఆ మూడింటికీ మధ్య మాటల్లేవు.

జుట్టు ముడేసుకోవాలనీ చేతికి గ్లవుజులు వేసుకోవాలనీ నా మొదటి సాంకేతిక సలహా ఇచ్చాను.

"జుట్టు ముడేస్తే ఎమోషన్ ఎక్కడుంటుంది మేడమ్?" అన్నాడు దర్శకుడు. "సరే గానీ, నిజంగా అయితే రిపోర్టు రావడానికి ఎంత టైం పడుతుంది?"

"యంత్రం ఉంటే రెండు మూడు రోజులు."

"మాకు యాడ్స్ అయ్యేలోపు రావాలి."

"మీకు వస్తుందండి. యంత్రం మీ దగ్గరే ఉంది కదా."

"అబ్బ, ఏం డైలాగ్ మేడమ్! ఒరేయ్, రాసుకోండ్రా ఎవరైనా."

రాసుకున్నారు. ఆ మాట ఇప్పుడు విలన్ అంటాడట.

నాయిక ఒక్కతే వచ్చి నా పక్కన కూర్చుంది. "అక్కా, పెచ్చు ఎట్లా పట్టుకోవాలో చూపిస్తారా? తప్పుగా పట్టుకుంటే మీలాంటివాళ్ళు నవ్వుతారు." అట్టముక్కతో చూపించాను. చిన్న పట్టకారుతో ఎత్తడం, మైనంలో అంచు పైకి నిలబెట్టడం, రెంటినీ పక్కపక్కన ఆనించడం. నా కింద పనిచేసే ఇద్దరు సహాయకులకు ఏడాదిలో రానిది ఆమెకు టీ చల్లారేలోగా వచ్చింది. దీనికి నాకు కోపం వచ్చింది. కారణం నమోదు చేయడం లేదు.

జూన్ 19, గురువారం

"చూశారా అమ్మా?"

"పరిశీలనలో ఉంది."

యంత్రం ఎప్పుడు తిరిగి వస్తుందని పెద్దసారును అడిగాను. సీజన్ అయ్యాక అన్నారు. సీజన్ ఎప్పుడవుతుందని అడిగాను. రేటింగును బట్టి అన్నారు. కనుక పాల వ్యాను డ్రైవరు విడుదల ప్రస్తుతం రేటింగును బట్టి ఉంది.

జూన్ 24

రాయాలి. ఎలాగో తెలియడం లేదు. వాస్తవాలు మాత్రం రాస్తాను.

స్టూడియోకు చేరేసరికి కెమెరా తిరుగుతోంది. దీపాలన్నీ నాయిక చేతుల మీద ఉన్నాయి. చేతుల్లో లక్క సీలు వేసిన ప్యాకెట్టు ఉంది. కళాదర్శకుడి మనుషులు అలంకరణ కోసం చేసుకున్న ప్యాకెట్టేమో అనుకున్నాను. నాలుగడుగులు దగ్గరికి పోతే, అంచు కత్తిరించిన ఆ ప్యాకెట్టు మీద నా సంతకం కనబడింది. పాల వ్యాను.

అరిచాను. ఏమని అరిచానో గుర్తు లేదు, మాటలైతే కావు.

"కట్! ఎవరది?" అన్నాడు దర్శకుడు. తరువాత, "పర్లేదు, షాట్ ఎప్పుడో అయిపోయింది, క్లోజప్ కోసం ఊరికే తిప్పుతున్నాం. అరుపు బాగుంది మేడమ్, శవం దొరికే సీన్‌లో వాడుకుంటాం" అన్నాడు.

సొరుగును వడ్రంగి ఉలితో తెరిచాడట. తాళంచెవి అడుగుదామనుకున్నారట గానీ, సలహాదారును చిన్న విషయాలకు ఇబ్బంది పెట్టవద్దని పెద్దసారు ఆదేశమట.

"లోపలి పెచ్చులేవి?"

"అవా? షాట్ అవ్వగానే తుడిచేశాం మేడమ్. అద్దం మీద మైనం మరకలుంటే దీపాలకు మెరుస్తుంది."

తడిగుడ్డతో తుడిచారు. గుడ్డను బకెట్‌లో జాడించారు. బకెట్‌ను మోరీలో పారబోశారు. మోరీ దగ్గరికి వెళ్ళి చూశాను. ఏం చూద్దామని వెళ్ళానో తెలియదు.

వ్యాను పెచ్చు మళ్ళీ గీకి తెచ్చుకోవచ్చు. సైకిలుకు అంటుకున్నది అదొక్కటే.

జూన్ 25

"నీకు మతి పోయిందా ఏమిటమ్మా, ఇదంతా కాగితం మీద పెడతావా?" అన్నారు పెద్దసారు. తలుపు మూసి, ఫ్యాను పెంచి, చాలా ఆప్యాయంగా అన్నారు.

"నేను చూశాను సార్. ఆ వ్యాను కాదు."

"ఫొటో ఉందా?"

"లేదు."

"రెండో సంతకం?"

"లేదు."

"మరి నువ్వు చూసిందేమిటి, కలా? విను. ‘నమూనా పరీక్షకు చాలినంత లేదు’ అని రాసెయ్. అందులో అబద్ధం ఏముంది? చాలదు కదా. ఎవరికీ నష్టం లేదు."

"డ్రైవరుకు?"

"డ్రైవరుకు మనమేం శిక్ష వేస్తున్నామా? కోర్టు చూసుకుంటుంది. నువ్వు నీ ఉద్యోగం సంగతి చూసుకో. అప్పగింత పత్రం మీద సంతకం ఎవరిది?"

ఆయన గదిలో ధారావాహిక పోస్టరు అప్పుడే తగిలించారు. మేకు కొట్టిన చోట సున్నం రాలి నేల మీద పడి ఉంది. నేనైతే దాన్ని ప్యాకెట్టులో పెట్టి సీలు వేసేదాన్ని.

జూన్ 26, గురువారం

కోర్టు పని మీద బయటికి వెళ్ళానని గేటు దగ్గర చెప్పించాను. గదిలోనే ఉన్నాను. పని ఎక్కువగా ఉంది.

జూన్ 27

పని ఎక్కువగా ఉంది.

జూన్ 30

నివేదిక పంపబడినది.

జూలై 1

‘చాలినంత లేదు’ అనడం శాస్త్రీయంగా తప్పు కాదు. బొత్తిగా లేనిది చాలదు కదా. పైగా మేము సాక్ష్యం చెప్పేది వస్తువు గురించి, మనిషి గురించి కాదు. మనిషి గురించి చెప్పడానికి వేరే శాఖలున్నాయి. పైగా నేను ఒక్కదాన్నే చూశాను. ఒక్కరు చూస్తే పొరపాటు పడవచ్చు.

నేను పొరపడలేదు.

జూలై 3, గురువారం

ఈసారి ఏడవలేదు. నవ్వుతూ వచ్చింది.

"రిపోర్టు పోయిందంట కదమ్మా! ప్లీడరు చెప్పాడు. లోపల ఏం రాశారో ఆయన ఇంకా చూడలేదంట. ఇక వదిలేస్తారుగా?"

"అది కోర్టు నిర్ణయం."

"మీరు రాశాక కోర్టు కాదంటుందా! మీ చెయ్యి చల్లగా ఉండాలి తల్లీ." నా తెల్లకోటు వంక చూసి, "ఇదెవరు ఇస్త్రీ చేశారమ్మా, ఇంత దరిద్రంగా? ఇటివ్వండి, వచ్చేవారం తెస్తా" అంది.

ఇవ్వలేదు. ప్రభుత్వ ఆస్తి అని చెప్పాను.

జూలై 8

బెయిలు తిరస్కరణ. నివేదిక నిందితుడికి అనుకూలంగా లేదు అని కారణం.

జూలై 10, గురువారం

రాలేదు.

జూలై 12, శనివారం

అత్తగారు ధారావాహిక కోసం ఎదురింటి ఆవిడను కూడా పిలిచారు. టైటిల్స్‌లో నా పేరు వచ్చినంతసేపూ ఆవిడ చేయి పట్టుకుని ఊపారు. నా పేరు ఎక్కువసేపు నిలవలేదు. పేరు వెళ్ళిపోయాక కూడా ఊపారు.

ఎనిమిదో భాగం. నాయిక ప్యాకెట్టు తెరిచింది. పట్టకారుతో ఎత్తింది, మైనంలో నిలబెట్టింది, అచ్చం నేను చెప్పినట్టే. తరువాత తెర నిండా మైక్రోస్కోపులోని దృశ్యం. నా యంత్రం, నా పెచ్చులు. ఎడమ పక్క తెలుపు, నీలం, ఎరుపు, బూడిద. కుడి పక్క తెలుపు, బూడిద. పొరకు అరచేయంత వెడల్పున, ఇంటింటా, గోడలంత టీవీల మీద. నాయిక తలెత్తి, విడిచిన జుట్టు గాలికి ఎగురుతుండగా (ప్రయోగశాలలో గాలి!), "సరిపోయాయి! వీడే హంతకుడు!" అంది. సంగీతం.

ఎదురింటావిడ చప్పట్లు కొట్టింది. అత్తగారు కొట్టలేదు.

"సరిపోయాయంటుందేమిటే ఇది? ఎడమ పక్కదానికి బోలెడు చారలు. కుడి పక్కదానికి రెండే."

"కథలెండి పిన్నిగారూ" అంది ఎదురింటావిడ.

"కథైతే మాత్రం కళ్ళు లేవా? గాజుల కొట్లో ఇట్లా జత కలిపి ఇస్తే ఊరుకుంటామా? ఏమ్మాయ్, సలహాలిచ్చింది నువ్వే కదా, నువ్వు చెప్పలేదూ?"

చెప్పలేదు అన్నాను.

"ఎందుకు చెప్పలేదు?"

లేచి వంటింట్లోకి వెళ్ళాను. కుళాయి తిప్పి కట్టాను. మళ్ళీ తిప్పాను. కోపం వచ్చింది. దర్శకుడి మీద, వడ్రంగి మీద, ఆ తడిగుడ్డ మీద, ఆప్యాయంగా ఫ్యాను పెంచే పెద్దసారు మీద, నాయిక జుట్టు మీద, జత కలపడం తెలిసిన అత్తగారి మీద. జాబితా ఇంకా పూర్తి కాలేదు. ఒక పేరు మిగిలింది.

జూలై 14

సవరణ నివేదిక పంపడానికి అనుమతి కోరాను.

"ఆ ఎపిసోడ్ చూసి మంత్రిగారు ఫోన్ చేశారు" అన్నారు పెద్దసారు. "సహజంగా ఉందట. ఇప్పుడు అదే ఎపిసోడ్ తప్పని రాస్తానంటావా? ఆయన సహజత్వాన్ని మనం కాదంటామా?"

అనుమతి నిరాకరించబడినది. కాదు, ఆయన నిరాకరించారు.

జూలై 15

నాయికే ఫోన్ చేసింది. "అక్కా, ఆ రోజు ఎందుకలా అరిచారు? నన్ను చూసేనా? ఎవర్నడిగినా చెప్పట్లేదు."

చెప్పాను. మొదటిసారి ఒక మనిషికి మొత్తం చెప్పాను.  అవతల నుంచి ఒక పెద్ద బూతు వినబడింది. ధారావాహికలో ఆమెకు అలాంటి సంభాషణలు ఉండవు.

"నేను కోసినప్పుడు దాని మీద నంబరుందక్కా. నేను చదివాను కూడా, పాత్రలో ఉండాలని. ఆ షాట్ అంతా ఒకే టేకు. మా డైరెక్టరుకు కట్ చెయ్యకుండా తియ్యడం పిచ్చి. ప్యాకెట్టు దగ్గర్నుంచి మైక్రోస్కోపు దాకా కెమెరా ఎక్కడా ఆగలేదు. టీవీలో ముక్కలు చేశారు గానీ, మొత్తం ఎడిటరు దగ్గరుంటుంది. తెస్తా ఉండండి."

జూలై 17

తెచ్చింది. ఉద్యోగానికి ముప్పు రాదా అని అడిగాను. "వచ్చే సీజన్‌లో నన్ను చంపేస్తారు, అంతేగా. చచ్చే సీన్‌లంటే నాకిష్టం" అంది.

డ్రైవరు తరఫు ప్లీడరు ఇంటికి వెళ్ళి ఇచ్చాను. గురువారం, అతని భార్యకు సెలవే అయినా ఆమె ఇంటికి మాత్రం వెళ్ళలేదు. గేటు దగ్గరికి రాని మనిషిని వెతుక్కుంటూ వెళ్ళడానికి ధైర్యం చాలినంత లేదు.

జూలై 24, గురువారం

కోర్టులో గోడకు తెల్లగుడ్డ కట్టి చూపించారు. సీలు, నంబరు, నా సంతకం, కత్తెర, పట్టకారు, మైనం, చివరికి మైక్రోస్కోపు లోపలి దృశ్యం. ఎక్కడా తెగలేదు. తరువాత నాయిక గొంతు: "సరిపోయాయి! వీడే హంతకుడు!"

ప్రభుత్వ ప్లీడరు లేచాడు. "వీళ్ళు తెచ్చిన సాక్ష్యమే సరిపోయాయంటోంది కదండీ!"

కోర్టంతా నవ్వింది. జడ్జిగారు నవ్వలేదు.

"శబ్దం తీసేసి మళ్ళీ వెయ్యండి."

వేశారు.  ఎడమన నాలుగు రంగులు, కుడిన రెండు. బోనులో డ్రైవరు కూడా మెడ చాచి చూశాడు. జడ్జిగారు కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, నా వైపు తిరిగారు.

"జూన్ ముప్పయిన ఇచ్చిన నివేదికలో నమూనా చాలలేదని ఉంది. సంతకం మీదేనా?"

"నాదే."

"ఇందులో పెచ్చు నిక్షేపంగా ఉంది. మీరు అప్పుడు అబద్ధం చెప్పారా, ఇప్పుడు చెబుతున్నారా?"

‘అప్పటి పరిస్థితుల దృష్ట్యా’ అన్న మాట నోటిదాకా వచ్చింది. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ నన్ను ఆదుకున్న మాట. డ్రైవరు భార్య రెండో వరసలో కూర్చుని, నేను నోరు తెరవడం కోసం చూస్తోంది. ఇప్పటికీ నన్ను నమ్మే చూస్తోంది.

"అప్పుడు" అన్నాను.

ఆమె ముఖం చూడలేదు. కాదు, చూశాను.

యంత్రం పోకముందే, జూన్ తొమ్మిదినే చూశానని కూడా చెప్పాను. డ్రైవరుకు బెయిలు. ఆ ఇంకో బండిని వెతకమని పోలీసులకు ఆదేశం. నా మీద విచారణ. సస్పెన్షన్ ఉత్తర్వు నాకన్నా ముందే మా ఇంటికి చేరింది. మా శాఖలో ఏ కాగితమూ ఇంత వేగంగా కదిలిన దాఖలా లేదు. కనీసం ఆ విషయంలో టీవీ వాళ్ళను అందుకున్నాము.

జూలై 25

జైలు ముందు బస్‌స్టాపులో నిలబడ్డాను. పిలవకుండానే వెళ్ళాను. డ్రైవరు సన్నగా ఉన్నాడు, చొక్కా మాత్రం మడత నలగకుండా ఇస్త్రీ చేసి ఉంది. నన్ను చూసి నమస్కారం పెట్టబోతే భార్య అతని చేయి కిందికి లాగింది.

"ఈమెకెందుకు పెడతావ్? తెలిసి చెప్పలేదు ఈమె. మొదటి రోజు నుంచీ తెలుసు."

"పోనీలేవే, చివరికి చెప్పిందిగా" అన్నాడతను.

"చివరికా? నువ్వు లోపల నేల మీద పడుకుంటే నేను ఆ గేటు దగ్గర నిలబడి ఈమె చెయ్యి చల్లగా ఉండాలన్నానయ్యా! నా నోటితో అన్నాను!" నా వైపు తిరిగింది. "మీకు దణ్ణం పెట్టాలో తిట్టాలో తెలియట్లేదు నాకు."

"తిట్టండి" అన్నాను.

తిట్టింది. నా చదువును, కోటును, కుర్చీని, గేటును, నేను వాడే మాటలను ఒక్కొక్కటిగా తీసుకుని తిట్టింది. ‘పరిశీలన’ను నా గొంతుతోనే అనుకరించి మరీ తిట్టింది. బస్‌స్టాపులో జనం పోగయ్యారు. సవరణలు ప్రతిపాదించడానికి నాకు ఎక్కడా అవకాశం కనబడలేదు. ప్రతి మాటా వాస్తవాధారితం.

బస్సు వచ్చింది. డ్రైవరు ఆమెను ఎక్కించాడు. ఆమె కిటికీ పక్కన కూర్చుని, అద్దం పక్కకు తోసి, తల బయటపెట్టి, ఆపిన చోటి నుంచే మళ్ళీ మొదలుపెట్టింది. బస్సు కదిలింది. వినబడినంతసేపూ అక్కడే నిలబడ్డాను.